కందకం పక్క హోటల్లో వదినగారు

చియాంగ్ మాయ్,
12 నవంబరు 2024

మరదలు చి.సౌ. లీలకు హైమవతి వదిన దీవెనలు.

నేను క్షేమంగా చేరాను. ఫోన్ చేయలేదని భాస్కర్ కంగారు పడుతున్నాడట. ఫోన్లో నీ మాట నాకు వినపడదు, నా మాట నీకు పడదు, ఎందుకొచ్చిన గొడవ? ముప్పై రెండేళ్ళు రేపల్లె హైస్కూల్లో పిల్లల చేత ఉత్తరాలు రాయించినదాన్ని. ఈ రెండు మూడు వారాలు నేనూ ఉత్తరాలే రాస్తాను. కౌంటర్లో పిమ్ అని ఒకావిడ ఉంది. నా కాగితాలు ఫొటో తీసి నీ మెయిల్‌కి పంపుతుంది. నువ్వు రాసింది ప్రింటు తీసి గదికి తెచ్చి ఇస్తుంది.

"పాతదే గానీ రేటుకి మంచి హోటల్ వదినా, ఓల్డ్ సిటీకి నడిచి వెళ్ళొచ్చు" అని నువ్వన్నప్పుడు నన్ను ఏ సత్రంలోనో పడేస్తున్నావనుకున్నాను. పడేశావు గానీ పడిన చోటు బాగానే ఉంది. పాత ఊరి చుట్టూ నలుచదరంగా కందకం, దానికి ఇవతలి గట్టున ఈ హోటల్. కట్టి నలభై ఏళ్ళయిందట. లిఫ్టు మూలుగుతూ పైకెక్కుతుంది. వరండాలో కార్పెట్ తడి ఆరని గోనెసంచి వాసన వేస్తుంది. గది మాత్రం సిడ్నీలో మీ టూంగాబీ ఇంట్లో మీరు నాకిచ్చిన గదికి రెండింతలుంది. అక్కడ నా మంచం పక్కన మీ ట్రెడ్‌మిల్లు కూడా కాపురం ఉండేది కదా. ఇక్కడ అడక్కుండానే రోజూ దుప్పటి మారుస్తారు. మీ ఇంట్లో దుప్పట్లు మార్చేది నేనే కనుక ఆ సుఖం ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు.

పొద్దున్నే బియ్యపు జావ, బొప్పాయి ముక్కలు, టోస్టు పెడతారు. మాంసం వద్దని పిమ్ వాళ్ళ భాషలో ఒక చీటీ రాసిచ్చింది. ఎక్కడికెళ్ళినా అది చూపిస్తే చాలు, తలూపి కూరగాయలు వేయించి పెడుతున్నారు.

మీ టూంగాబీలో అందరిదీ ఇదే పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్ళకి టూరిస్టు వీసా ఏడాది నిండగానే బాలికో థాయిలాండ్‌కో పంపడం, కొత్త వీసా రాగానే మళ్ళీ దింపుకోవడం. ఖాళీ గ్యాస్ సిలిండర్ పంపి నిండుది తెప్పించుకున్నట్టు. ఇదివరకు నాకు రేపల్లెలో అద్దె ఇల్లయినా ఉండేది, అక్కడికే వెళ్ళి వచ్చేదాన్ని. "ఇక అదెందుకక్కా, మా దగ్గరే ఉండు" అని భాస్కర్ నిరుడు ఖాళీ చేయించాడు. అందుకే నాకీ విహారయాత్ర.

తన్మయి ఎలా ఉంది? ఎయిర్‌పోర్టులో "అమ్మా, నువ్వెళ్ళొద్దు" అని నా చీర పట్టుకుని ఏడుస్తుంటే నీ మొహం మాడిపోయింది. నేను చూశానులే. మేనత్తనైన నన్ను అమ్మా అంటుంది, కన్న నిన్ను లీలా అంటుంది. నేనూ భాస్కరూ నిన్ను లీలా అనే పిలుస్తాం, అదీ అదే పట్టుకుంది. పిల్ల నోటికి తాళం వేస్తామా? ఫిబ్రవరిలో బడికి నా చెయ్యి పట్టుకునే వెళతానని ఒట్టు వేయించుకుంది. ఆలోపు వచ్చేస్తాను కనుక దిగుల్లేదు. పప్పన్నంలో నెయ్యి కాస్త ధారాళంగా వెయ్యి. నీది పిసినారి చెయ్యి.

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కనుక,
మీ ఇంటి అర్ధమొగుడు,
హైమవతి


టూంగాబీ,
17 నవంబరు 2024

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆయన పడీ పడీ నవ్వారు. ట్రెడ్‌మిల్లు సంగతి నిజమే, గరాజ్‌లోకి మార్పిస్తాను.

మీరు వెళ్ళిన మూడో రోజే వీసా అప్లికేషన్ పెట్టాను. రసీదు దీనితో పంపుతున్నాను, ప్రింటు తీయించి పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోండి. ఆఫీసర్లెవరైనా ఏమైనా అడిగితే ఊరు చూడ్డానికి, తమ్ముణ్ణి చూడ్డానికి వస్తున్నానని మాత్రం చెప్పండి. పిల్లని చూసుకుంటాను, వంట చేస్తాను అనకండి. టూరిస్టు వీసా మీద అది ఉద్యోగం కింద లెక్కేసినా వేస్తారు.

తన్మయి రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు తిన్నది. నెయ్యి బాగానే వేస్తున్నాను. మూడు వారాలు ఇంటి నుంచే పని చేస్తానని మా మేనేజర్ని అడిగాను, ఓకే అన్నాడు.

ఒక మాట అడగాలి. ఎదురుగా అడిగే ధైర్యం లేదు, ఉత్తరం కాబట్టి రాస్తున్నాను. మీరు తిరిగొచ్చాక తన్మయి చేత మిమ్మల్ని అత్తా అని పిలిపిద్దాం. బడిలో చేరేలోపు. చైల్డ్‌కేర్లో "హూ ఈజ్ యువర్ మమ్?" అంటే మీవైపు వేలు చూపిస్తుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తర్వాత కార్లో కూర్చుని ఏడుస్తాను. మీరు మాకు చేసింది తక్కువని కాదు వదినా. మీరు లేకపోతే నేను ఉద్యోగం మానేసేదాన్ని. ఈ ఒక్కటి నాకు ఇవ్వండి.

ఆరోగ్యం జాగ్రత్త. కందకం దగ్గర సాయంత్రం దోమలుంటాయట, కాళ్ళకి ఏదైనా రాసుకోండి.

మీ
లీల


చియాంగ్ మాయ్,
1 డిసెంబరు 2024

చి.సౌ. లీలకు,

దీవెనలు. నీ ఉత్తరానికి ఆలస్యంగా రాస్తున్నాను. ఊరు చూడమన్నావు కదా, చూస్తున్నాను. వచ్చిన వారానికే పున్నమికి ఇక్కడ దీపాల పండగ జరిగింది. ఆకు దొన్నెల్లో వత్తులు వెలిగించి నీళ్ళలో వదిలారు. అచ్చం మన కార్తీక పౌర్ణమే, చన్నీళ్ళ స్నానమొక్కటే తక్కువ. కందకం దాటితే అడుగుకో గుడి. చెప్పులు విప్పడం, తొడగడం, సగం రోజు దానికే సరిపోతుంది.

నాకొక స్నేహితురాలు దొరికింది. పేరు సుమింత్ర. మీ సిడ్నీలోనే లివర్‌పూల్లో ఉంటుంది, ఫిజీ మనిషి. అక్కడ గొడవలయ్యాక ఎనభై తొమ్మిదిలో వచ్చేశారట. చెరకు తోటల కూలికి ఫిజీ వెళ్ళిన వాళ్ళ తాతలు మన విశాఖపట్నం వైపువాళ్ళు. నాయనమ్మ నేర్పిన నాలుగు తెలుగు ముక్కల్ని హిందీలో ముంచి మాట్లాడుతుంది, నాకు సగం అర్థమవుతుంది, అది చాలు. పళ్ళు కట్టించుకోవడానికి ఏటా వచ్చి ఈ హోటల్లోనే రెండు నెలలు దిగుతుందట. "దీదీ, కొత్త హోటళ్ళలో గది చిన్నది, నవ్వు పెద్దది. ఇక్కడ ఉల్టా" అంది.

ఇక నీ కోరిక. అత్త అని నేర్పుతావా? నేర్పు తల్లీ, నేనేమైనా అడ్డుపడ్డానా? నేర్పితే వచ్చేవి పద్యాలూ ఎక్కాలూ. పిలుపు కడుపులోంచి రావాలి. నువ్వు పొద్దున ఆరున్నరకి రైలెక్కి, సాయంత్రం ఆరున్నరకి దిగుతావు. పిల్ల లేచేటప్పుడూ నేనే, పడుకునేటప్పుడూ నేనే. అది అమ్మా అని నన్నుగాక ఆ ట్రెడ్‌మిల్లుని పిలుస్తుందా? కార్లో కూర్చుని ఏడవడం దేనికి, అలా ఏడ్చే పావుగంట ఇంటికొచ్చి పిల్లకి అన్నం పెట్టరాదూ?

కోపం తెచ్చుకోకు. అద్దానికి తన్మయి కార్డు అంటించుకున్నాను. ఊదారంగు పువ్వు, కింద వంకర అక్షరాలతో హ్యాపీ మదర్స్ డే. మేలో చైల్డ్‌కేర్ నుంచి తెచ్చి నా చేతిలో పెట్టిందే, అదే. గది తుడిచే అమ్మాయి చూసి నీ కూతురా అని సైగ చేసింది. తలూపాను. ఎవరికి నష్టం?

వీసా త్వరగా తెప్పించు.

హైమవతి


టూంగాబీ,
4 డిసెంబరు 2024

వదినగారికి,

మేలో ఆ కార్డు గురించి మిమ్మల్ని మూడుసార్లు అడిగాను. చైల్డ్‌కేర్ టీచరు "మీకు కార్డు నచ్చిందా?" అంటే ఏ కార్డో తెలియక నచ్చిందన్నాను. ఇంటికొచ్చి మిమ్మల్నడిగితే దారిలో గాలికి ఎగిరిపోయిందన్నారు. నేను కారు సీట్ల కింద వెతికాను. బిన్‌లో చెయ్యి పెట్టి వెతికాను. మీరు పక్కన నిలబడి టార్చి పట్టుకున్నారు.

వీసా ఇంకా రాలేదు. హోటల్ ఇంకో నెల పొడిగించాను.

లీల


చియాంగ్ మాయ్,
18 డిసెంబరు 2024

చి.సౌ. లీలకు,

టార్చి పట్టుకున్న మాట నిజమే. కార్డు నాకిచ్చిందంటే నువ్వు బాధపడతావని అబద్ధమాడాను. అయినా నేనేమీ లాక్కోలేదు. నీకివ్వాలనుకుంటే పిల్ల నీకే ఇచ్చేది. ఇంత చిన్నదానికి ఆరు నెలల తర్వాత ఆరు వాక్యాల ఉత్తరమా?

నన్ను పట్టి పీడిస్తున్నది వేరే. నిరుడు సిడ్నీలో దిగినప్పుడు అక్కడి అధికారి ఎందుకొచ్చావన్నాడు. నువ్వు చెప్పించిన పాఠం మరిచిపోయి "మా తమ్ముడి పిల్లని నేనే పెంచుతున్నాను" అని గొప్పగా చెప్పాను. అతను నవ్వి ముద్ర వేసేశాడు, నేనూ మరిచిపోయాను. ఈసారి వీసా ఆగింది దానివల్లేనా? నోరు మంచిదైతే ఊరు మంచిదని పిల్లలకి రాయించినదాన్ని, నా నోరే నా కొంప ముంచిందా? వారం నుంచీ నిద్ర లేదు. నీకు తెలిసినవాళ్ళని అడిగి నిజం రాయి.

తన్మయికి ఒక గౌను, చెక్క ఏనుగు పార్సెల్ చేశాను. ఐదు వారాలు దాటింది దాన్ని చూసి. ఒక్కసారి వీడియోలో చూపించు. వినపడకపోతే పోనీ, చూస్తాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, అందుకే అడుగుతున్నాను.

హైమవతి


టూంగాబీ,
3 జనవరి 2025

వదినగారికి,

నూతన సంవత్సర శుభాకాంక్షలు.

వీడియో వద్దు. ఇప్పుడిప్పుడే కుదుటపడింది, మిమ్మల్ని చూస్తే మళ్ళీ మొదలవుతుంది.

వీసా గురించి మీరు అనుమానించిందే కారణమై ఉండొచ్చు. అలా చెప్పకండని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు ఎవరినీ ఏమీ అనలేం.

అక్కడ ఉండడానికి మీకిచ్చిన అరవై రోజులు ఎనిమిదో తేదీకి అయిపోతాయి. ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళితే ఇంకో ముప్పై రోజులిస్తారు, పిమ్‌గారిని తోడు తీసుకెళ్ళండి. అంటే ఫిబ్రవరి ఏడు దాకా. ఆ తర్వాత రేపల్లెలో మీ బాబాయి కొడుకు కృష్ణమూర్తిగారింట్లో ఉంటే మంచిదని ఆయన అంటున్నారు.

మీరున్న గది తన్మయికి ఇచ్చేశాం. గోడలకి పసుపురంగు వేయించాం. ట్రెడ్‌మిల్లు అమ్మేశాం.

లీల


చియాంగ్ మాయ్,
24 జనవరి 2025

లీలకు,

రేపల్లె వెళ్ళిపోదామనే పెట్టె సర్దుకున్నాను. నా నోటిదూలకి నాకీ శాస్తి కావలసిందేనని నెలరోజులు నన్ను నేను తిట్టుకున్నాను. కిందికి దిగి సుమింత్రకి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆవిడ "దీదీ, రసీదు ఉందా? చూపించు" అంది. నువ్వు పంపిందే. దాని మీది నంబరు, నా పాస్‌పోర్టు నంబరు ఫోన్లో కొట్టింది. అలా కొడితే మీ గవర్నమెంటే చెబుతుందట. చెప్పింది. నా వీసా డిసెంబరు మూడో తేదీనే వచ్చింది.

యాభై రెండు రోజులు. నా వల్లే ఆగిందేమోనని నేనడిగితే, అయి ఉండొచ్చని రాశావే! నన్ను కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఫిబ్రవరి ఒకటిన సిడ్నీకి టికెట్ కొన్నాను. ఎందుకు చేశావని వచ్చి అడగను. భాస్కర్‌ని ఎయిర్‌పోర్టుకి పంపు. పంపకపోతే సుమింత్ర కొడుకు ధీరేన్ వచ్చి దింపుతాడు. నా గది నాకక్కర్లేదు, హాల్లో సోఫా మీద పడుకుంటాను. వంటింట్లోకి రావద్దంటే రాను. అత్తా అని నేర్పుతానన్నావు, సరే, నేనే నేర్పుతాను. బడి మొదటిరోజు దాని చెయ్యి పట్టుకుని గేటు దాకా నడుస్తాను, నాకు ఇంకేమీ వద్దు.

నాకు పిల్లలు లేరు లీలా. మూడుసార్లు పోయారు. ఆయన పోయాక ఇల్లంతా నేనొక్కదాన్నే. యాభై తొమ్మిదేళ్ళ వయసులో ఒక పిల్ల నన్ను అమ్మా అంది. దానికోసం అబద్ధమాడాను, నిన్ను ఏడిపించాను. ఆడబిడ్డనని అధికారం చలాయించాను. తప్పే. ఇదివరకు ఎవరి దగ్గరా ఈ మాట అనలేదు.

హైమవతి


టూంగాబీ,
27 జనవరి 2025

వదినగారికి,

నిజమే. వీసా మూడున వచ్చింది. కార్డు గురించి రాసిన మీ ఉత్తరం రెండున వచ్చింది. ఒక్కరోజు తేడా. ఉత్తరం ఒక రోజు ఆలస్యమైతే నేను మీకు టికెట్ కొనేసి ఉండేదాన్ని.

పిల్ల నోటికి తాళం వేస్తామా అన్నారు. మీరు వచ్చేనాటికి దానికి ఇరవై నెలలు. అప్పటికే నన్ను అమ్మా అనేది. మీకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక రోజు తొందరగా ఇంటికొచ్చాను. తలుపవతల మీ గొంతు వినిపించింది. "అమ్మ ఎవరు? అమ్మ ఎవరు చెప్పు?" అది నా పేరు చెబితే ఊరుకున్నారు. మీవైపు చూపిస్తే మరమరాల ఉండ పెట్టారు. నేను తాళంచెవి పట్టుకుని బయటే నిలబడ్డాను. ఉద్యోగం కావాలి, మీరు కావాలి, కాబట్టి రెండు నిమిషాలాగి బెల్ కొట్టాను. మూడేళ్ళు ఆ బెల్ కొడుతూనే ఉన్నాను.

మీరు వస్తానంటున్నారు కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

అమ్మ ఎప్పుడొస్తుందని తన్మయి రోజూ అడిగేది. నేను ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతుంటే నన్నే అడిగేది. క్రిస్మస్ ముందు వాళ్ళ చైల్డ్‌కేర్లో గోల్డ్‌ఫిష్ చచ్చిపోయింది. టీచర్లు చక్కగా చెప్పారు, దాని ఒళ్ళు పనిచేయడం మానేసింది, ఇక తిరిగి రాదు, గుర్తుపెట్టుకోవచ్చు అని. ఆ సాయంత్రం అది మళ్ళీ అడిగింది. నేను ఆ మాటలే మీ గురించి చెప్పాను.

మీరు చనిపోయారని తన్మయికి తెలుసు.

ముందే అనుకుని చెప్పలేదు. కానీ చెప్పాక వెనక్కి తీసుకోలేదు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నారు. మీ ఫొటో దగ్గర దీపం పెట్టాం. పదకొండు రోజులు ఏడ్చింది. తర్వాత మానేసింది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు స్నానం చేయిస్తుంటే నన్ను అమ్మా అంది. నేను చూపించలేదు, అడగలేదు, ఏ ఉండా పెట్టలేదు.

మీ వీసా మీ దగ్గరుంది, టికెట్ ఉంది. నేను ఆపలేను. మీరు గేటు దగ్గర దిగితే అది భయపడుతుంది. లేదా సంతోషిస్తుంది. ఏదైనా, నేనన్న మాట అబద్ధమని తెలుసుకుంటుంది. ఆ తర్వాత నేను చెప్పే ఏ మాటా నమ్మదు. చచ్చినవాళ్ళు తిరిగొస్తారని మాత్రం నమ్ముతుంది. అది మీకిష్టమైతే రండి.

బడి ఆరో తేదీన మొదలు.

లీల


చియాంగ్ మాయ్,
29 జనవరి 2025

లీలకు,

నీ ఉత్తరం పిమ్ తెచ్చి ఇచ్చి, టీ కూడా తెచ్చింది. నా మొహం చూసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

సుమింత్ర మంటలా మండిపడింది. "పద దీదీ, నేనూ వస్తా, గేటు దగ్గర అందరిముందూ నిలదీద్దాం" అంది. రాత్రంతా అదే ఆలోచించాను. గేటు దగ్గర తన్మయి నన్ను చూసి కెవ్వున అరిచినట్టే కనిపించింది. పరుగెత్తుకొచ్చినట్టు కూడా కనిపించింది. రెండోదానికే ఎక్కువ భయం వేసింది. పరుగెత్తుకొస్తే ఇక నేను దాన్ని వదలను, దాని కళ్ళముందే నిన్ను అబద్ధాలకోరుని చేసి నిలబెడతాను. నా సంగతి నాకు తెలుసు.

టికెట్ రద్దు చేశాను. ఏడో తేదీకి రేపల్లె వెళతాను. నేను పోయానని కృష్ణమూర్తికి కూడా చెప్పి ఉంటే ఇప్పుడే రాయి, గుమ్మంలో నన్ను చూసి హడలిపోతాడు.

మరమరాల ఉండ సంగతి నిజం. నువ్వు విన్నావని నాకు తెలియదు. తెలిసినా మానేదాన్ని కాదు.

భాస్కర్‌తో చెప్పు, అక్క పోయిందని విని టీవీ పెట్టుకున్న తమ్ముడు ఇక ఆ అక్కకి ఏ కర్మా చేయనక్కర్లేదు. నిన్ను మాత్రం తిట్టను. తిట్టడానికి నోరు రావడం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. జవాబు రాయి. పదకొండు రోజులు ఏడ్చిందన్నావు. నువ్వు ఆఫీసుకెళ్ళిన రోజులు కూడా కలిపే చెప్పావా? పక్కమీద గోడవైపు తిరిగి, నోట్లో వేలు పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తుంది అది. దగ్గరికెళ్ళి దిండు తడిమి చూస్తే తప్ప తెలియదు. దిండు చూశావా లీలా? నిజం చెప్పు, పదకొండు రోజులేనా?

హైమవతి